ఆకు మీద బూజులు ఒకదాన్నొకటి ఏమంటున్నాయో తెలుసుకోవడం ఎలా

ముందు ఈ పని చేయండి, వివరాలు తర్వాత మాట్లాడుకుందాం. ఏదైనా చెట్టు నుంచి కాస్త ముదురు ఆకు ఒకటి కోసి, పెట్రీ డిష్ (మూత ఉన్న గుండ్రటి పల్చటి గిన్నె) మూతకి లోపలి వైపు రెండు మూడు చోట్ల వాసెలిన్ పెట్టి అంటించండి. కింద డిష్‌లో గడ్డకట్టిన అగర్ ఉండాలి, అంటే బూజులు పెరగడానికి తిండి కలిపి కాచిన జెల్లీ, ఎలా కాచాలో కింద చెప్తాను. మూత పెట్టి ఒక రోజు కదపకుండా వదిలేసి, ఆ తర్వాత ఆకు తీసేసి మళ్లీ మూసేయండి. మూడు నాలుగు రోజులకి అగర్ మీద సన్నటి గులాబీ చుక్కలు మొదలవుతాయి. అదృష్టం బాగుంటే ఆ చుక్కలన్నీ కలిసి ఆకు ఆకారాన్ని అంచులతో సహా గీసి పెడతాయి. అవి స్పోరోబొలోమైసిస్ అనే ఈస్టులు. సిద్ధబీజం (వీటికి విత్తనం లాంటిది) మొదలు దగ్గర చిన్న నీటి బొట్టు ఊరుతుంది, అది పక్కనున్న పల్చటి నీటి పొరలో కలిసిపోయిన క్షణంలో సిద్ధబీజం గాల్లోకి ఎగిరిపడుతుంది, కింద అగర్ మీద పడి పెరుగుతుంది. 1924లో క్లూయ్వర్, వాన్ నీల్ అనే శాస్త్రవేత్తలు వీటిని వర్ణించారు. ఆకుకి అద్దం పట్టినట్టు అచ్చు పడుతుంది కాబట్టి వీటిని అద్దం ఈస్టులని కూడా అంటారు.

నేను మొదటిసారి చేసినప్పుడు అచ్చు బాగానే పడింది, కానీ ఒక చోట గుండ్రంగా ఖాళీ మిగిలిపోయింది. ఆకు తీసి చూస్తే సరిగ్గా అక్కడే గోధుమరంగు మచ్చ, మచ్చలో ఏదో వేరే బూజు. ఇంకేముంది, ఆ బూజు విషం కక్కి ఈస్టుల్ని తరిమేసిందని అప్పటికప్పుడే తేల్చేసుకున్నాను. అది నిజమో కాదో తేల్చుకోవడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఈ గైడ్ అంతా ఆ రెండు నెలల్లో నేర్చుకున్నదే. బూజులు రసాయనాలతో పక్కవాటిని ఎలా ఆపుతాయో, పిలుస్తాయో, నోరు మూయిస్తాయో ఇంట్లోనే చూడొచ్చు. కాకపోతే కళ్లకి కనిపించే ఖాళీని చూసి మోసపోకుండా ఉండటమే ఇందులో అసలు పని.

మొదలుపెట్టే ముందు

ఆస్తమా, బూజు ఎలర్జీ ఉన్నవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు ఈ పని పెట్టుకోవద్దు. మిగతావాళ్లు కూడా బూజు పెరిగిన డిష్‌ని అవసరం లేకుండా తెరవకండి, అంచులకి టేప్ చుట్టి మూత మీద నుంచే చూడండి. ఆకులు తప్ప ఇంకేవీ తేవద్దు, ముఖ్యంగా పక్షి రెట్టలు, కుళ్లిన జంతువులు, మనుషుల ఒంటి మీద నుంచి తీసినవి. డిష్‌లని 22 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచండి, 37 డిగ్రీలకి పోవద్దు, ఎందుకంటే ఆ వేడిలో పెరిగేవి మన ఒంట్లో కూడా పెరగగలిగే రకాలు కావచ్చు. పసుపుపచ్చ, ముదురాకుపచ్చ పొడిలా లేచే బూజు వస్తే అది ఆస్పర్జిల్లస్ కావచ్చు, కొన్ని రకాలు అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తాయి, తెరవకుండా అలాగే పారేయండి. ఎలా పారేయాలో చివర్లో చెప్తాను.

అగర్ కాచడం

50 గ్రాముల బంగాళదుంప ముక్కల్ని పావు లీటరు నీళ్లలో మెత్తబడేదాకా ఉడికించి వడకట్టండి. తగ్గిన నీళ్లు కలిపి మళ్లీ పావు లీటరు చేసి, 5 గ్రాముల గ్లూకోజ్, 4 నుంచి 5 గ్రాముల అగర్ వేసి కరిగేదాకా కాచండి. సీసాలో పోసి మూత వదులుగా పెట్టి, ప్రెషర్ కుక్కర్‌లో పూర్తి ప్రెషర్ వచ్చాక 20 నిమిషాలు ఉంచితే చాలు. చెయ్యి ఆనించగలిగేంత వేడికి దిగాక డిష్‌కి 15 నుంచి 20 మిల్లీలీటర్లు పోస్తే, 90 మిల్లీమీటర్ల డిష్‌లు ఓ డజను దాకా వస్తాయి. (పాత రోజుల్లో జెలటిన్ వాడేవాళ్లు, ఎండ తగిలితే కరిగిపోయేది. 1881లో సూక్ష్మజీవుల శాస్త్రవేత్త కోఖ్ దగ్గర పనిచేస్తున్న డాక్టర్ భార్య ఫానీ హెస్సే అగర్ వాడి చూడమంది. 1887లో పెట్రీ డిష్ వచ్చింది. పేరు మాత్రం దాన్ని తెచ్చిన పెట్రీకే మిగిలింది.)

ఇంకో విడత కూడా చేయండి, ఈసారి బంగాళదుంప, గ్లూకోజ్ పదో వంతు వేసి, అగర్ మాత్రం అంతే ఉంచండి. ఇది చాలామంది వదిలేస్తారు, వదిలేయకండి. ఆకు పైభాగం అంటే ఆకలి రాజ్యం, అక్కడక్కడా కారిన కాస్త చక్కెర, పుప్పొడి, పురుగులు వదిలిన తేనెబంక తప్ప ఏమీ ఉండదు. కడుపు నిండిన బూజు చేసే రసాయనాలు వేరు, ఆకలి మీదున్న బూజు చేసేవి వేరు. రెండు రకాల అగర్ మీదా ఒకే జోడీని పెట్టి చూస్తే ఒకదాని మీద పెద్ద యుద్ధం, ఇంకోదాని మీద ఏమీ జరగనట్టు ప్రశాంతం, ఇలా చాలాసార్లు వస్తుంది.

బూజుల్ని విడదీయడం

ఆకు పైన ఉండేవి కావాలంటే చిన్న ముక్కని మరిగించి చల్లార్చిన నీళ్లలో బాగా ఊపి, ఆ నీళ్లు రెండు చుక్కలు అగర్ మీద పరచండి. ఆకు లోపల ఏ రోగమూ చూపించకుండా కాపురం ఉండేవి కావాలంటే పైనున్నవాటిని చంపాలి. దానికి 70 శాతం ఆల్కహాల్‌లో ఒక నిమిషం, తర్వాత 1 శాతం సోడియం హైపోక్లోరైట్ ఉన్న బ్లీచ్ నీళ్లలో రెండు నిమిషాలు, చివర్లో శుభ్రమైన నీళ్లతో మూడుసార్లు కడగడం. ఆల్కహాల్‌నీ బ్లీచ్‌నీ ఒకే గిన్నెలో కలపకండి, ఆల్కహాల్ దగ్గర మంట పెట్టకండి. కడిగిన ఆకుని ముందు ఒక ఖాళీ డిష్ మీద అద్ది చూడండి. ఆ అచ్చులో ఏదైనా మొలిస్తే మీ శుభ్రత చాల్లేదు, ముక్కల్లోంచి వచ్చింది లోపలిదని చెప్పలేరు. అచ్చు ఖాళీగా ఉంటేనే అయిదు మిల్లీమీటర్ల ముక్కలు కోసి అగర్ మీద పెట్టండి.

రెండు మూడు రోజులకి రంగురంగుల కాలనీలు వస్తాయి. ఆలివ్ ఆకుపచ్చ ముఖమల్ లాంటిది సాధారణంగా క్లాడోస్పోరియం, ముదురు గోధుమ నలుపు ఆల్టర్నేరియా, మొదట్లో తెల్లగా జిగటగా ఉండి తర్వాత నల్లబడేది చాలావరకు ఆరియోబాసిడియం. ఒక్కోదాని అంచు నుంచి చిటికెడు తీసి కొత్త డిష్‌కి మార్చండి, రెండోసారి కూడా ఒకటే రకం పెరిగితే అది శుద్ధంగా ఉన్నట్టు. ఇక్కడ తొందరపడితే ఏమవుతుందో నా దగ్గర అడగండి. ఒక డిష్‌లో మూలన దూదిలా చిన్న తెల్ల పోగు కనిపించినా పట్టించుకోకుండా అదే సూదితో పన్నెండు డిష్‌లు వేశాను. అది రైజోపస్. రెండు రోజుల్లో పన్నెండూ మూతల దాకా బూడిద రంగు ఉన్ని, నేను వేసినవాటి జాడ కూడా లేదు.

రైజోపస్ మాటొచ్చింది కాబట్టి ఒక సంగతి. వరి నారుని కుళ్లబెట్టే రైజోపస్ మైక్రోస్పోరస్ ఆయుధం రైజాక్సిన్ అనే విషం. ఆ విషాన్ని బూజే చేస్తుందని చాలాకాలం అనుకున్నారు. తీరా 2005లో చూస్తే దాన్ని తయారుచేస్తున్నది బూజు కణాల లోపల కాపురముంటున్న ఒక బ్యాక్టీరియా. కాబట్టి మీ డిష్‌లో శుద్ధంగా కనిపిస్తున్న బూజు కూడా ఒంటరిది కాకపోవచ్చు, ఈ మాట మనసులో పెట్టుకోండి.

ఎదురెదురుగా కూర్చోబెట్టడం

డిష్ అడుగున మార్కర్‌తో అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద 4 సెంటీమీటర్ల దూరంలో రెండు చుక్కలు పెట్టుకోండి. ఆల్కహాల్‌లో ముంచి ఆరబెట్టిన స్ట్రాతో కాలనీ అంచు నుంచి గుండ్రటి బిళ్ల తీసి, ఒక చుక్క దగ్గర మొదటి బూజు, రెండో చుక్క దగ్గర రెండో బూజు పెట్టండి. ఒకటి బద్ధకంగా పెరిగే రకమైతే దాన్ని రెండు మూడు రోజులు ముందే పెట్టాలి, లేకపోతే అది కళ్లు తెరిచేలోపే అవతలిది డిష్ అంతా ఆక్రమించేస్తుంది.

ఇప్పుడు అందరూ ఎగ్గొట్టే భాగం. ఒక్క జోడీకి అయిదు రకాల డిష్‌లు కావాలి: మొదటిది రెండోదానికి ఎదురుగా, మొదటిది మొదటిదానికే ఎదురుగా, రెండోది రెండోదానికే ఎదురుగా, ఇంకా ఒక్కోటి ఏ బూజూ లేని అగర్ బిళ్లకి ఎదురుగా. ఒక్కో రకానికి మూడు చొప్పున మొత్తం 15. ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ కొన్ని బూజులు తమ సొంత కాలనీ దగ్గరకి వచ్చినా ఆగిపోతాయి. ఆ సంగతి తెలియకపోతే దాన్ని శత్రుత్వం అనుకుంటాం.

రోజూ ఒకే సమయానికి స్కేలుతో రెండు కొలతలు తీసుకోండి, అవతలి బూజు వైపు ఎంత పెరిగింది, దానికి వ్యతిరేక దిక్కులో ఎంత పెరిగింది. ఒంటరిగా ఉన్నప్పుడు 36 మిల్లీమీటర్లు పెరిగింది, ఎదుట ఇంకొకటి ఉన్నప్పుడు 24 మాత్రమే పెరిగిందనుకోండి, 36 లోంచి 24 తీసేసి 36తో భాగించి వందతో గుణిస్తే 33 శాతం అడ్డగింపు. ఫోన్‌తో రోజూ పైనుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి ఫొటో తీయండి. అడుగు ఫొటో మర్చిపోకండి, ఎందుకంటే రసాయనం పైకంటే కిందే బాగా కనిపిస్తుంది. ఒంటరిగా ఉన్నన్నాళ్లూ తెల్లగా ఉన్న కాలనీ, ఎదుటివాడికి అయిదారు మిల్లీమీటర్ల దూరంలోకి రాగానే అంచున కాఫీ రంగు గీత గీసుకోవడం, ఆ రంగు అగర్‌లోకి సిరాలా దిగి వెనక్కి పాకడం నేను ఒక జోడీలో చూశాను. సొంత కాలనీకి ఎదురుగా పెట్టిన డిష్‌లో ఆ గీత రాలేదు. అంటే పక్కనున్నది తనవాడు కాదని దానికి ముట్టుకోకముందే తెలిసింది.

మొత్తం మీద నాలుగు రకాల ముగింపులు కనిపిస్తాయి. రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, లేదా తాకిన చోటే గోడ కట్టినట్టు ఆగిపోతాయి, లేదా మధ్యలో ఖాళీ వదిలి ఆగిపోతాయి, లేదా ఒకటి ఇంకోదాని మీదకెక్కి మింగేస్తుంది. చివరిది చూడాలంటే ట్రైకోడెర్మా అనే బూజు దొరకాలి, నాలుగు రోజుల్లో డిష్ అంతా నిండి ఆకుపచ్చ పొడి వేస్తుంది. మైక్రోస్కోప్ ఉంటే దాని సన్నటి తంతువులు ఎదుటి బూజు లావు తంతువుకి పాములా చుట్టుకోవడం కనిపిస్తుంది. వైండ్లింగ్ అనే శాస్త్రవేత్త 1932లో ఈ దాడిని వివరించాడు, రెండేళ్ల తర్వాత ఈ చంపుడులో ఒక విషం కూడా ఉందని చూపించాడు, దానికే తర్వాత గ్లయోటాక్సిన్ అని పేరొచ్చింది. అలాగని ట్రైకోడెర్మాని అందరికీ మంచివాడని అనుకోకండి, పుట్టగొడుగులు పెంచేవాళ్లకి దీని పేరెత్తితేనే టెన్షన్, వాళ్ల పంటని కూడా ఇలాగే మింగుతుంది.

మధ్యలో ఖాళీ వచ్చింది, ఇప్పుడేంటి?

ఫ్లెమింగ్ 1928లో చూసింది కూడా ఒక ఖాళీనే, ఆయనకి పెనిసిలిన్ దొరికింది. ఆ కథ విని మనం ప్రతి ఖాళీలోనూ మందు వెతుకుతాం. కానీ డిష్‌లో ఖాళీకి కనీసం నాలుగు కారణాలుంటాయి, విషం అందులో ఒకటి మాత్రమే.

మొదటిది ఆకలి. అక్కడున్న తిండి మొదటి బూజు ముందే లాగేసి ఉండొచ్చు. దీన్ని పట్టుకోవడం తేలిక, రెండో బూజుని ఒంటరిగా పదో వంతు అగర్ మీద పెట్టండి. చాలా బూజులు పల్చటి తిండి మీద కూడా అంతే దూరం పాకుతాయి, కాకపోతే పల్చగా, గాజులా పాకుతాయి. అలా పాకితే ఖాళీకి ఆకలి ఒక్కటే కారణం కాదన్నమాట.

రెండోది పులుపు. ఆస్పర్జిల్లస్ నైగర్ సిట్రిక్ ఆమ్లం, స్క్లెరోటీనియా ఆక్సాలిక్ ఆమ్లం గుమ్మరిస్తాయి. ఖాళీ జాగాలో అగర్ చిన్న ముక్క తీసి పీహెచ్ కాగితం మీద నొక్కి, బూజు లేని చోటి ముక్కతో పోల్చండి.

మూడోది నాకు భలే ఇష్టం, ఇనుము దొంగతనం. పువ్వుల్లో, పండ్ల మీద ఉండే మెష్నికోవియా పుల్కెరిమా అనే ఈస్టు ఒక పదార్థాన్ని బయటికి వదులుతుంది, అది చుట్టూ ఉన్న ఇనుముని పట్టేసుకుని పుల్కెరిమిన్ అనే ఎర్రటి రంగుగా మారిపోతుంది. పక్కనున్న బోట్రైటిస్ లాంటి బూజులు విషం తిని చావవు, ఇనుము దొరక్క ఎండిపోతాయి. మీ ఈస్టు చుట్టూ ఎర్రటి మసక వలయం కనిపిస్తే, అగర్‌లో ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుము లవణం ఒక డిష్‌కి లేకుండా, ఒకదానికి కొంచెం, ఇంకోదానికి కాస్త ఎక్కువ వేసి అదే జోడీని మళ్లీ పెట్టండి. ఇనుము పెరిగేకొద్దీ వలయం ముదిరి, ఖాళీ చిన్నదవుతూ వస్తే దొంగ దొరికినట్టే. ఫెర్రిక్ క్లోరైడ్ చేతులకి, బట్టలకి మరకలు చేస్తుంది, గ్లవ్స్ వేసుకోండి.

ఈ మూడూ కాకపోతే అప్పుడు అగర్‌లోకి దిగిన విషాన్ని అనుమానించాలి. దానికి సెలోఫేన్ పద్ధతి ఉంది. పూత లేని, నీళ్లు పీల్చుకునే సెలోఫేన్‌ని డిష్ సైజుకి కత్తిరించి, నీళ్లలో వేసి కుక్కర్‌లో పెట్టి, అగర్ మీద ముడత లేకుండా పరచండి. దాని మీద మొదటి బూజుని రెండు రోజులు పెంచి, సెలోఫేన్‌తో సహా ఎత్తేసి, ఖాళీ అయిన అగర్ మీద రెండోదాన్ని పెట్టండి. బూజు వెళ్లిపోయినా అది వదిలింది మాత్రం అగర్‌లోనే ఉంది. పక్కనే ఉత్త సెలోఫేన్ పరిచి తీసేసిన డిష్ ఒకటి ఉండాలి, లేకపోతే పోలిక లేదు. డెన్నిస్, వెబ్‌స్టర్ అనే శాస్త్రవేత్తలు 1971లో ట్రైకోడెర్మా మీద ఇలాగే పనిచేశారు, ఇప్పటికీ ఇంతకంటే చవకైన మంచి పద్ధతి నాకు కనపడలేదు.

ఒక్కోసారి ఇలాంటి చిన్న గొడవలోంచే పెద్ద మందు వస్తుంది. నేలలో పూడుకుపోయిన పైన్ కాయల మీద మొలిచే స్ట్రోబిలూరస్ అనే బుల్లి పుట్టగొడుగు, పోటీకొచ్చే బూజుల ఊపిరి ఆపడానికి వాడే రసాయనాన్ని 1977లో స్ట్రోబిలూరిన్ పేరుతో వెలికితీశారు. 1996 నాటికి దాని నమూనా మీద చేసిన అజాక్సీస్ట్రోబిన్ అనే తెగుళ్ల మందు పొలాల్లోకి వచ్చేసింది. మరి ఆ పుట్టగొడుగు ఎందుకు చావదంటే, విషం వెళ్లి అతుక్కునే ప్రొటీన్ దాని ఒంట్లో కాస్త వేరే ఆకారంలో ఉంటుంది.

ఖాళీ రాకపోయినా వదలకండి

ఇది నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అన్ని రసాయనాలూ చంపవు, కొన్ని నోరు మూయిస్తాయంతే. ఫ్యుజేరియం అనే తెగులు బూజు వదిలే ఫ్యుజారిక్ ఆమ్లం, వేళ్ల దగ్గర మొక్కకి కాపలా కాసే సూడోమోనాస్ బ్యాక్టీరియా తన సొంత యాంటీబయాటిక్ తయారుచేయకుండా ఆపేస్తుంది. బ్యాక్టీరియా హాయిగా బతికే ఉంటుంది, కానీ చేతిలో కర్ర ఉండదు. ఇంకో ఫ్యుజేరియం విషం డీఆక్సీనివలెనాల్, ఎదుటి బూజు గోడని కరిగించడానికి ట్రైకోడెర్మా వాడే ఎంజైమ్ జన్యువుని మూగబోయేలా చేస్తుంది. క్లోనోస్టాకిస్ రోజియా అనే బూజైతే ఫ్యుజేరియం వదిలిన జియరలినోన్ అనే విషాన్ని ఏకంగా విరగ్గొట్టి నిర్వీర్యం చేస్తుంది. ఇవేవీ డిష్‌లో ఖాళీగా కనిపించవు. ముగ్గురిని పెడితే కనిపించొచ్చు. కాపలా బ్యాక్టీరియా, అది సాధారణంగా ఆపగలిగే బూజు, వీటి పక్కన ఫ్యుజేరియం పెంచి సెలోఫేన్ తీసేసిన అగర్. మామూలు అగర్ మీద వచ్చే ఖాళీ ఈ అగర్ మీద మాయమైతే మధ్యలో ఎవరో ఏదో అన్నారన్నమాట.

వడలు తెగులు తెచ్చే వెర్టిసిల్లియం సంగతి ఇంకా వింత. మొక్కని లొంగదీసుకోవడానికి అది వదిలే ఏవ్1 అనే ప్రొటీన్, మొక్కతో పాటున్న కొన్ని బ్యాక్టీరియాల్ని చంపడానికి కూడా పనికొస్తుందని 2020లో బయటపడింది. అంటే ఇల్లు దోచుకునే ముందు కుక్కల్ని తప్పించడం లాంటిది.

గాలిలో వెళ్లే మాటలు

కొన్ని రసాయనాలు అగర్‌లోకి దిగవు, ఆవిరైపోతాయి. వీటికోసం రెండు డిష్‌ల అడుగుభాగాలు తీసుకుని, ఒకదాంట్లో మొదటి బూజు, ఇంకోదాంట్లో రెండోది పెట్టి, మూతలు పారేసి రెండు అడుగుల్నీ ఎదురెదురుగా బోర్లించి టేప్ చుట్టండి. రెంటికీ మధ్య గాలి తప్ప ఇంకేమీ ఉండదు. పోలికకి పైన ఖాళీ అగర్ ఉన్న జోడీ కూడా పెట్టాలి. ఇక్కడ ఒక చిక్కుంది, వేగంగా పెరిగే బూజు ఆ మూసిన జాగాలో ఆక్సిజన్ తగ్గించి కార్బన్ డయాక్సైడ్ నింపేస్తుంది, ఎదుటిది దానివల్లే నీరసపడొచ్చు. అందుకే పైన అంతే వేగంగా పెరిగే, కానీ వాసన లేని వేరే బూజుతో ఇంకో జోడీ పెట్టడం మంచిది.

ట్రైకోడెర్మాలో కొన్ని రకాలు పెరుగుతున్నప్పుడు టేప్ చుట్టిన డిష్‌ల పక్కన నిలబడితేనే కొబ్బరి వాసన వస్తుంది, డిష్ దగ్గర ముక్కు పెట్టక్కర్లేదు, పెట్టకూడదు కూడా. అది 6-పెంటైల్ పైరోన్, చాలా తెగులు బూజుల్ని నెమ్మదింపజేసే పదార్థం. పుట్టగొడుగు కోసినప్పుడు వచ్చే వాసన ఆక్టెనాల్ అనే ఇంకో పదార్థానిది, దాని సంగతి పురుగుల దగ్గర వస్తుంది.

మళ్లీ ఆకు మీదకి

డిష్‌లో గెలిచినవాడు ఆకు మీద గెలుస్తాడని ఏమీ లేదు. ఆకు మీద ఎండ, వాన, మైనం పొర, మొక్క సొంత విషాలు, ఇన్నుంటాయి. తేమగా ఉన్న ఫిల్టర్ కాగితం పరిచిన డిష్‌లో తాజా ఆకు పెట్టి, తొడిమకి తడి దూది చుట్టండి. ఆకు మీద నాలుగు చోట్ల చిన్న బొట్లు వేయాలి. ఒకటి ఉత్త నీళ్లు, ఒకటి తెగులు బూజు సిద్ధబీజాలు కలిపిన నీళ్లు, ఒకటి పోటీ బూజువి, ఒకటి రెండూ కలిపినవి. ఇంకో ఆకు మీద పోటీ బూజుని ఒక రోజు ముందు వేసి, మర్నాడు అదే చోట తెగులు బూజు వేయండి. నా అనుభవంలో ముందెవరొచ్చారన్నది చాలాసార్లు రసాయనం కంటే పెద్ద విషయం. మచ్చ ఎంత వెడల్పు పెరిగిందో రోజూ కొలిచి రాసుకోండి. ఆ ఆకుల్ని బయట మొక్కల దగ్గర పారేయొద్దు, ఎక్కడినుంచో తెచ్చిన తెగులు ఆకుతో ఈ ప్రయోగం అసలే వద్దు, మీ చుట్టుపక్కల ఉన్నదాంతోనే చేయండి.

పురుగులు కూడా వింటాయి

డిష్‌లు కడిగే ఓపిక లేనివాళ్లకి ఇది బాగుంటుంది, నోటుబుక్కు, ఫోన్ చాలు. బూడిద తెగులు పట్టిన ఆకు ఒకటి, అదే మొక్క మీద శుభ్రమైన ఆకు ఒకటి ఎంచుకుని, రోజూ ఒకే వేళకి పావుగంట కూర్చుని ఏ పురుగు ఎన్నిసార్లు వాలిందో లెక్కపెట్టండి. పేనుబంకని కాకుండా బూడిద బూజునే మేసే అక్షింతల పురుగులున్నాయి, పసుపు మీద నల్ల చుక్కలతో చిన్నగా ఉంటాయి. తెగులు ఆకు నుంచి వచ్చే ఆక్టెనాల్ లాంటి వాసనలు వాటికి దారి చూపిస్తాయి.

బూజులు ఈ వాసనల్ని ఎంత దూరం తీసుకెళ్లాయంటే, తుప్పు తెగుళ్లలో పక్సీనియా మోనోయికా అనేది ఆవాల కుటుంబపు అడవి మొక్క చేత పువ్వుల్లాంటి పసుపు ఆకుల గుత్తులు పూయిస్తుంది, పైన తియ్యటి ద్రవం, దానికి తోడు మత్తు వాసన. ఈగలు, తేనెటీగలు పువ్వనుకుని వచ్చి బూజు జన్యుకణాల్ని ఒక గుత్తి నుంచి ఇంకోదానికి మోస్తాయి. బ్లూబెర్రీని ఎండగొట్టే మోనిలీనియా కూడా ఇలాంటిదే, జబ్బుపడిన ఆకులు అతినీలలోహిత కాంతిని పువ్వుల్లాగా మెరిపించి పురుగుల్ని పిలుస్తాయి, అవి సిద్ధబీజాల్ని తీసుకెళ్లి అసలు పువ్వులో పెడతాయి.

దీనికి అటు వైపు, తరిమేసే రసాయనాలు. ఎపిక్లోయి అనే బూజు గడ్డి లోపలే పుట్టి పెరిగి, విత్తనం ద్వారా పిల్లలకి కూడా వెళ్తుంది. అది చేసే ఆల్కలాయిడ్లలో పెరమిన్, లోలిన్ పురుగుల పని పడతాయి. ఎర్గోవాలిన్, లోలిట్రెమ్ పశువుల్ని కూడా వదలవు. టాల్ ఫెస్క్యూ గడ్డి మేసిన పశువులకి జబ్బెందుకు వస్తుందో తెలియక దశాబ్దాలు తలపట్టుకున్నాక 1977లో గడ్డి లోపలి బూజు మీద వేలు పెట్టగలిగారు. బయటి నుంచి చూస్తే ఆ గడ్డి నిగనిగలాడుతూ ఉంటుంది, ఒక్క మచ్చ ఉండదు.

పారేయడం, ఆ మచ్చ సంగతి

పని అయిపోయిన డిష్‌లు తెరవకుండా కుక్కర్‌లో 30 నిమిషాలు పెట్టి, చల్లారాక చెత్తలో వేయండి. ప్లాస్టిక్ వంకర్లు పోతుంది కాబట్టి పాత గిన్నెలో పెట్టండి, ఆ గిన్నెనీ కుక్కర్‌నీ మళ్లీ వంటకి వాడొద్దు. కుక్కర్ కుదరకపోతే పదో వంతు బ్లీచ్ కలిపిన నీళ్లలో మొత్తం మునిగేలా ఒక రాత్రంతా ఉంచాలి.

ఇక నా గులాబీ అచ్చులో ఖాళీ. మచ్చలోని బూజు ఆల్టర్నేరియాలా ఉంది, దాన్ని అద్దం ఈస్టుకి ఎదురుగా రెండు రకాల అగర్ మీదా పెట్టాను, సెలోఫేన్ పద్ధతిలో చూశాను, గాలి జోడీ కట్టాను. ఎక్కడా ఖాళీ రాలేదు, రెండూ అంచులు కలిపేసుకుని ఇరుగుపొరుగుల్లా పెరిగాయి. చివరికి అదే చెట్టు నుంచి మచ్చలున్న ఇంకో ఆకు తెచ్చి, ఈసారి మూతకి అంటించకుండా నేరుగా అగర్ మీద బోర్లించి అద్దాను. మచ్చ పడిన చోట కూడా గులాబీ ఈస్టులు వచ్చాయి. అంటే అవి అక్కడ ఉన్నాయి, చావలేదు, పారిపోలేదు. ఎండిపోయిన మచ్చ మీద ఆ నీటి బొట్టు ఊరడానికి తేమ చాలక సిద్ధబీజాల్ని విసరడం మానేసి ఉంటాయని నా అనుమానం. తేమ పెంచి మళ్లీ చేసిన డిష్‌కి నిన్నే టేప్ చుట్టాను.